హనుమాండ్లు పంపిన బదిలీ మనిషి

2024 జూన్ 14, శుక్రవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. మహారాష్ట్రలోని భివండీ పట్టణం, కామత్‌ఘర్‌లో ఒక కిరాణా దుకాణం పైనున్న చిన్న గదిలో మల్లిక తన ఎదుటి ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చుంది. పదిన్నరకు ఆ కుర్చీలో హనుమాండ్లు ఉండాలి. గడచిన నాలుగు శుక్రవారాలూ అతడు చెప్పిన వేళకంటే ముందే వచ్చి, చెప్పులు గడప బయట జతగా పెట్టి, పిలిచేదాకా మెట్ల మీదనే నిలబడేవాడు. ఈ రోజు మెట్ల మీద వినిపించిన అడుగులు అతడివి కావు. అవి రెండేసి మెట్లు ఒక్కసారిగా ఎక్కుతున్నాయి.

వచ్చినవాడు కనుకయ్య, హనుమాండ్లు భార్యకు తమ్ముడు. వయసు ఇరవై ఎనిమిది. వానకు తడిసిన తలను చేతి రుమాలుతో తుడుచుకుని, అడగకుండానే ఎదుటి కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"బావకు ఇయ్యాల వీలుకాలేదక్కా. నేను బదిలీ ఒచ్చిన. ఇగ అడుగు."

సాంచాల ఊళ్లో బదిలీ అంటే ఏమిటో మల్లికకు తెలుసు. ఇక్కడి తెలుగువాళ్లు మరమగ్గాన్ని సాంచె అంటారు. షిఫ్టుకు రాలేని కార్మికుడు తన సాంచాల ముందు నిలబడడానికి ఇంకొకరిని పంపుతాడు. వచ్చినవాడు అతడి సాంచాలు నడుపుతాడు, అతడి చాయ తాగుతాడు. నెలవారీగా కార్మికులకు వండిపెట్టే బిస్సీలో అతడి పీట మీదనే కూర్చుని అతడి వంతు అన్నం తింటాడు. బదిలీ పంపడంలో నామోషీ లేదు. ఎవరినీ పంపకుండా సాంచాలను ఖాళీగా నిలబెట్టినవాడి పేరే చెడిపోతుంది. అయితే మనసు విప్పి మాట్లాడుకోవలసిన చోటికి బదిలీ రావడం మల్లిక ఇదే మొదటిసారి చూడడం.

ఆమె నవ్వును పెదవుల దగ్గరే ఆపుకుంది. ఇది పనికిరాదని నెమ్మదిగా చెప్పింది. ఒకరి గుబులును ఇంకొకరు మోసుకొచ్చి కుర్చీలో పెట్టలేరని వివరించింది. కనుకయ్య ఒప్పుకోలేదు. బావ సంగతులన్నీ తనకు తెలుసనీ, ఒకే గది ఖోలీలో కలిసి ఉంటున్నామనీ, ఏమడిగినా చెబుతాననీ అన్నాడు.

"గట్ల కాదు తమ్మీ. ఆయనకు ఆకలైతే నువ్వు తింటవా?"

"తింటున్న గదక్కా. బిస్సీల గదే నడుస్తది."

మల్లిక ఆపుకున్న నవ్వు ఈసారి ఆగలేదు.

ఆ గది కింద, మెట్ల పక్కన, ఆమె పేరుతో ఒక బోర్డు ఉంది. మరాఠీలోనూ తెలుగులోనూ 'లైఫ్ కోచ్' అని రాసి ఉంటుంది. బోర్డు పెట్టిన కొత్తలో వచ్చినవారిలో సగం మంది పదో తరగతి గణితం చెబుతారా అని అడిగిన తల్లులు. ఒక పెద్దాయన జీవిత బీమా కిస్తీ కట్టడానికి వచ్చి, కాదంటే కోపగించుకుని వెళ్లాడు. మల్లిక బోర్డు మార్చలేదు. తాను చేసే పని ఏమిటో పేట నిదానంగా నేర్చుకుంటుందని ఆమెకు నమ్మకం. ఆ నమ్మకం తప్పలేదు. ఇప్పుడు సాంచాలకు వారపు సెలవైన శుక్రవారం నాడు ఆ మెట్లు ఖాళీగా ఉండవు.

ఆమె ఈ పనికి వచ్చిన దారి తిన్ననిది కాదు. 2015 దాకా మల్లిక నార్పోలిలో ఒక కార్ఖానాలో కండెలు చుట్టే యంత్రం దగ్గర పనిచేసింది. ఒక రోజు వంగి తెగిన దారం అందుకోబోతుండగా జడ బెల్టులో చిక్కింది. యంత్రం ఆగడానికి పట్టిన కొద్దిపాటి వ్యవధిలోనే తల వెనుక భాగం చర్మం ఊడివచ్చింది. ప్రాణం నిలిచింది. తొడ నుంచి తీసిన చర్మాన్ని తలకు అతికారు. గాయం మానిందని వైద్యులు చెప్పిన తరువాత కూడా ఆమె దాదాపు ఏడాదిపాటు ఖోలీ గడప దాటలేదు. భర్త కిట్టు రాత్రి షిఫ్టుకు వెళ్లేముందు తలుపు దగ్గరగా వేసి పోయేవాడు. బయట ఎవరైనా గట్టిగా నవ్వితే అది తన తల గురించేనని ఆమెకు అనిపించేది.

ఆమెను బయటికి తెచ్చింది ఉపదేశం కాదు, నీళ్ల నల్లా. అత్త లస్మవ్వకు మోకాళ్ల నొప్పులు. నీళ్లు ఎప్పుడు వచ్చేదీ చూడడానికి మనిషి లేక ఆమె విసుగెత్తి, గడప దగ్గర నిలబడి చూడమని కోడలితో అంది. వారం రోజుల తరువాత గడప దగ్గర నుంచి కనబడడంలేదని, వాకిట్లో నిలబడమంది. ఆ తరువాత బిందె పెట్టి రమ్మంది. వరుసలో బిందె జరిపినవాళ్లతో కొట్లాడి రమ్మని పంపిన నాడు మల్లిక నిజంగానే కొట్లాడి వచ్చింది. భయపడే పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టు మీద భయం తగ్గేదాకా నిలబడడం మానసిక వైద్యంలో ఉన్న పద్ధతేనని ఆమె చాలా కాలానికి, ఠాణేలో ఆదివారాల్లో జరిగిన శిక్షణ తరగతిలో తెలుసుకుంది. కార్మికుల ఆరోగ్యం చూసే ఒక సంస్థలో ఆడవాళ్లను శిబిరాలకు పిలుచుకొచ్చే పనిలో చేరిన తరువాత, అక్కడి శిక్షకురాలు పూనం ఆమెను ఆ తరగతికి పంపింది. చదువు హిందీలో, పరీక్ష మరాఠీలో, ఆలోచన తెలుగులో సాగింది. అయినా మల్లిక రెండేళ్లలో ఆ పట్టా సంపాదించింది. అత్తకు ఆ పద్ధతి సంగతి చెబితే, "నాకు నీళ్లు గావాలె, గంతే" అని లస్మవ్వ తేల్చేసింది.

హనుమాండ్లు కథ అంత పెద్ద గాయంతో మొదలైనది కాదు. నలభై ఆరేళ్ల మనిషి, పనిలో పేరున్నవాడు. ఫిబ్రవరిలో ఒక రోజు, కండెను మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెను తోసే కర్ర అతడి కుడి మణికట్టు మీద పడి ఎముక విరిగింది. ఏప్రిల్ నాటికి ఎముక అతికింది. చేయి పనికి సిద్ధమని డాక్టరు కాగితం రాసిచ్చాడు. కానీ కార్ఖానా తలుపు దగ్గరికి వెళ్లేసరికి భయంతో అతడి కాళ్లు వెనక్కి తిరిగేవి. మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ తిరిగి వచ్చాడు. నాలుగోసారి భార్య పెంటవ్వ అతణ్ణి మల్లిక దగ్గరికి పట్టుకొచ్చింది. మల్లిక ముందుగా అతణ్ణి ఆసుపత్రిలో మనసు డాక్టరుకు చూపించి, ఆ తరువాతనే తన పని మొదలుపెట్టింది.

ఫిబ్రవరి నుంచి అతడి ఆరు సాంచాలను కనుకయ్య బదిలీగా నడుపుతున్నాడు. కార్ఖానా యజమాని సేఠ్ సహనం చివరికి వచ్చింది. మరునాడు, శనివారం ఉదయం ఎనిమిదింటికి హనుమాండ్లు తన సాంచాల ముందు నిలబడకపోతే ఆ ఆరూ కనుకయ్య పేరు మీదికి పోతాయి. ఆ మాట సేఠ్ రెండు వారాల కిందటనే చెప్పి పంపాడు. నాలుగు నెలలు పని మానిన నలభై ఆరేళ్లవాడికి భివండీలో మరో ఆరు సాంచాల సెట్టు ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి హనుమాండ్లుకు తెలుసు, మల్లికకూ తెలుసు. ఇప్పుడు బావ కుర్చీలో కూర్చున్న కనుకయ్యకు అందరికన్నా బాగా తెలుసు.

బావ ఊసెత్తకుండా, నీకేం కావాలని మల్లిక సూటిగా అడిగింది. కనుకయ్య చెవి వెనుక గోక్కున్నాడు. అబద్ధం చెప్పే అలవాటు ఉన్నవాడు కాదు. సాంచాలు తనకు కావాలన్నాడు. ఊళ్లో కూలికి పోయే భార్యను ఇక్కడికి తెచ్చుకోవాలన్నాడు. బావ రాకపోతే తనకు మంచిదేనన్నాడు.

"అయినా పొద్దుగాల బావను లేపింది నేనేనక్కా. అంగీ ఇస్త్రీ చేసిచ్చిన. ఆటో దాక ఒచ్చి మర్లిపోయిండు. నువ్వు పో అన్నడు, ఒచ్చిన."

ఇంటికి వెళ్లి ఎవరినీ పిలవకూడదన్నది మల్లిక నియమం. శిక్షణలో నేర్పిన నియమమే. వచ్చేవాళ్లు తమ కాళ్లతో రావాలి. ఆమె ఆ నియమాన్ని మొదటిసారి పక్కన పెట్టింది. గదికి తాళం వేసి, కనుకయ్యతో కలిసి నార్పోలి వెళ్లే షేర్ ఆటో ఎక్కింది. దారంతా అతడు, ఇప్పుడు తనను బావ ఏమంటాడోనని సణుగుతూనే ఉన్నాడు.

ఖోలీలో హనుమాండ్లు మంచం మీద ఉన్నాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా అలాగే ఉంది. పెంటవ్వ స్టవ్ దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే మాట అందించింది.

"రా మల్లికా. మా పెండ్లికొడుకు పొద్దుగాల్నుంచి గట్లనే కూసున్నడు. పిల్లనే దొరుకుతలేదు."

మల్లిక చాప మీద కూర్చుంది. నిష్ఠూరంగా కాక, మామూలుగా అడిగింది.

"ఎందుకు రాలేదన్నా?"

"మనిషిని తోలిన గద చెల్లె. కుర్చీ ఖాళీ పెట్టలే."

ఈసారి మల్లిక నవ్వలేదు. అతడి ముఖంలో ఎగవేత ఛాయలు లేవు. ఇరవై ఐదేళ్లు సాంచాల మీద బతికినవాడు, రాలేనప్పుడు చేయవలసిన మర్యాద చేశాననే అనుకుంటున్నాడు. పనిని వదిలేసినవాడు బదిలీని పంపడు. ఆ ఒక్క సంగతితో మల్లిక లెక్క మారిపోయింది. ఇంతకాలం ఆమె ఇతణ్ణి భయంతో పారిపోతున్న మనిషిగా చూసింది. ఇతడు పారిపోవడంలేదు. తన చోటును కాపలా పెట్టి, దూరంగా నిలబడి ఉన్నాడు.

రేపటికి కూడా మనిషిని తోలుదామనే అనుకున్నావా అని ఆమె అడిగింది. హనుమాండ్లు విరిగి అతికిన మణికట్టును ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"ఆరు సాంచాలు నాతోని కావు చెల్లె."

"ఆరు కావు. మరి ఎన్నయితయి?"

అతడు తల ఎత్తాడు. పెంటవ్వ కూడా వెనక్కి తిరిగింది.

"గట్ల ఎవలడుగుతరు? ఉంటె ఆరు, లేకుంటె ఇంటి కాడ."

నిజమే, ఎవరూ అడగరు. కార్ఖానాలో సెట్టు మొత్తం ఒకడిది. సగం సెట్టు నడిపేవాడు ఇంతవరకు ఎవరికీ కనబడలేదు. మల్లిక తాను గడప నుంచి వాకిటికి, వాకిటి నుంచి నల్లా దగ్గరికి వెళ్లిన దారిని మనసులో కొలుచుకుంది. నాలుగు శుక్రవారాలుగా తాను ఈ మనిషిని ఒక్క అడుగులో ఆరు సాంచాల మధ్యకు దూకమంటున్నానని ఆమెకు తెలిసివచ్చింది. మొదటి మెట్టు ఏదో అడగనే లేదు. తప్పు ఎక్కడుందో దొరికింది గనుక ఆమెకు దిగులు కలగలేదు. పైగా ఉత్సాహం వచ్చింది.

ఆమె తన ఆలోచన చెప్పింది. హనుమాండ్లు నడపగలిగినన్ని అతడు నడుపుతాడు, మిగిలినవి అదే షిఫ్టులో పక్కనే నిలబడి కనుకయ్య నడుపుతాడు. చేతికొచ్చే పగార్ నేసిన బట్ట మీటర్ల లెక్కన గనుక సేఠ్‌కు పోయేదేమీ లేదు. పెంటవ్వ వెంటనే ఒప్పుకుంది. ఇద్దరు తెచ్చినా ఒకే కుండలో పడుతుందని అంది. కనుకయ్య మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తనవవుతాయనుకున్న ఆరు సాంచాలు అతడి కళ్లముందే కరిగిపోతున్నాయి.

"నీకు గిట్టుబాటు లేదు గదరా," అంది పెంటవ్వ.

"లేదు," అన్నాడు తమ్ముడు. అయితే ఇంకొక సెట్టు ఖాళీ అయినప్పుడు మొదట తనకే ఇవ్వాలనీ, ఆ మాట సాంచాలు ఎవరికివ్వాలో చూసే మేస్త్రీ జాబర్ నోటితో అనిపించాలనీ, అట్లయితేనే ఒప్పుకుంటాననీ చెప్పాడు. మల్లికకు ఆ షరతు నచ్చింది. ఊరికే త్యాగం చేసినవాడు నెల తిరగకముందే లోలోపల ఉడుకుతాడు. బేరం ఆడినవాడు మాట మీద నిలుస్తాడు.

సెలవు దినాన సాంచాలకు నూనె పెట్టి బిగింపులు చూసుకోవడం జాబర్ పని. నలుగురూ కార్ఖానాకు వెళ్లేసరికి జాబర్ దత్తాత్రి ఒక సాంచె కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలుపు దగ్గర మల్లిక అలవాటు ప్రకారం తలకు కొంగు బిగించి, చివరలు నడుములో దోపుకుంది. హనుమాండ్లు అక్కడే ఆగిపోయాడు. ఎవరూ అతణ్ణి తొందరపెట్టలేదు. లోపల సాంచాలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. రేకుల పైకప్పు మీద వాన చప్పుడు వినబడుతున్నది. సాంచాలు నడిచే రోజుల్లో ఆ చప్పుడు వినబడే అవకాశమే లేదు.

దత్తాత్రి విషయం విని, నూనె చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"పంచుకునేటందుకు ఇవేమన్న భూములా బిడ్డా? రేపు గుడ్డల తప్పొస్తే నేనెవన్ని పట్టుకోవాలె?"

ఇది ఉత్త మొండితనం కాదని మల్లికకు అర్థమైంది. బట్టలో లోపం వస్తే పగార్ కోత జాబర్ మీదికే వస్తుంది. తెలియనిది తెలిసినట్టు మాట్లాడడం ఆమె ఎన్నడూ చేయదు. ఆమె కనుకయ్య వైపు చూసింది. ఎవరి సాంచె బట్ట మీద వాళ్ల పేరే రాస్తామనీ, బావ తప్పు బావది, తన తప్పు తనదనీ అతడు చెప్పాడు. దత్తాత్రి గడ్డం గీరుకున్నాడు. ఖాళీ అయ్యే సెట్టు గురించి కూడా అడిగితే, దేవుడి పటం వైపు చూసి తల ఊపాడు. ఊపితే చాలదని, మాట ఇవ్వాలని కనుకయ్య పట్టుబట్టాడు. దత్తాత్రి అతణ్ణి ముద్దుగా ఒక తిట్టు తిట్టి, మాట ఇచ్చాడు.

ఈలోగా హనుమాండ్లు లోపలికి వచ్చి తన మొదటి సాంచె పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ గమనించలేదు. మల్లిక అతడి దగ్గరికి వెళ్లి, కరెంటు లేకుండా చక్రాన్ని చేత్తో తిప్పమంది. అతడు తిప్పాడు. నాడె మెల్లగా, నీళ్లలో చేప కదిలినట్టు, ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగింది. కర్ర కదిలిన క్షణంలో అతడి కుడి చేయి దానంతట అదే వెనక్కి వచ్చింది. ఎట్లా ఉందని ఆమె అడిగింది. గుండె కొట్టుకుంటున్నదన్నాడు. కొట్టుకోనిమ్మని, చెయ్యి తీయకుండా నిలబడమని, మళ్లీ తిప్పమని చెప్పింది. రెండోసారీ చేయి వెనక్కి వచ్చింది. ఎన్నోసారో తెలియదు గానీ, ఒకసారి చేయి వెనక్కి రాలేదు. ఆ తరువాత మళ్లీ రెండుసార్లు వెనక్కి వచ్చింది. దానికి మల్లిక నిరాశపడలేదు. భయం ఒకే వైపు తగ్గుతూ పోదు, మధ్య మధ్య లేస్తుందని ఆమె అతడికి వివరించింది. అతడు వింటూనే చక్రం తిప్పుతున్నాడు. వాన తగ్గేదాకా తిప్పాడు.

బయలుదేరేముందు దత్తాత్రి తన షరతు పెట్టాడు.

"ఎన్ని నడుపుతడో రేపు ఎనిమిదింటికి సాంచాల ముంగట నిలవడి తనే చెప్పాలె. బామ్మర్దితోని చెప్పిస్తే నడవది."

"నడవది," అన్నాడు హనుమాండ్లు. ఆ మాట అతడు ఎవరితో అన్నాడో స్పష్టంగా తెలియలేదు.

మరునాడు మల్లిక కార్ఖానాకు వెళ్లలేదు. వస్తే బాగుంటుందని పెంటవ్వ పొద్దున్నే ఫోన్ చేసింది. తాను పక్కన ఉంటే అతడు తన ముఖం చూసి అంకె చెబుతాడనీ, సాంచాలను చూసి చెప్పవలసిన అంకె అదనీ మల్లిక జవాబిచ్చింది. ఎనిమిది దాటింది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన కిట్టుకు ఆమె చాయ పోసిచ్చింది. ఇంతకీ వాడు వెళ్లాడంటావా అని కిట్టు అడిగాడు. వెళ్లాడనే ఆమె అంది. అంత గట్టిగా ఎలా చెబుతావన్నాడు.

"పోకుంటే బదిలీని తోలిండని ఈపాటికి ఫోన్ ఒచ్చేది," అంది మల్లిక. కిట్టు నవ్వి నిద్రకు ఉపక్రమించాడు. ఆమె గది తాళంచెవి తీసుకుని తన పనికి వెళ్లింది. పగలంతా ఫోన్‌ను కుర్చీ పక్కన పెట్టుకున్నా, వచ్చినవాళ్ల మాటల మీదనే దృష్టి నిలిపింది.

షిఫ్టు విడిచాక ఫోన్ మోగింది. చేసింది పెంటవ్వ. పొద్దున హనుమాండ్లు సాంచాల మధ్య దాదాపు పావుగంట ఉత్తగా నిలబడ్డాడనీ, జాబర్ రెండుసార్లు గడియారం చూశాడనీ, కనుకయ్య ఒక్క మాట కూడా కల్పించుకోలేదనీ చెప్పింది. ఆ తరువాత అతడు అంకె చెప్పాడు. దత్తాత్రి మారు మాట్లాడకుండా స్విచ్ వేశాడు.

2024 జూన్ 15, శనివారం, పగటి షిఫ్టులో హనుమాండ్లు నడిపిన సాంచాలు: రెండు.